ఎండలో వేడెంత, వెలుగెంత: ఇంట్లో ఉన్న వస్తువులతోనే తేల్చుకోవడం ఎలా

మే నెలలో ఒక పెద్దాయన ఫోన్ చేశారు, ఎత్తీ ఎత్తగానే "ఏమయ్యా, ఎండలు ఇట్టా మండిపోతుంటే కరెంటు మార్చి కంటే తక్కువొచ్చిందేంది, నువ్వు పెట్టింది డూప్లికేట్ ప్యానెలా" అని. నేను గుంటూరు, బెజవాడ వైపు డాబాల మీద సోలార్ ప్యానెళ్ళు బిగించే పనిలో ఉన్నా, ఈ ప్రశ్న ప్రతి ఎండాకాలం నలుగురైదుగురు అడుగుతారు. "ప్యానెల్‌కి కావాల్సింది వెలుగండీ, వేడి కాదు" అని చెప్పి పెట్టేయొచ్చు, మొదట్లో నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ అది సగం జవాబే. సూర్యుడి నుంచి వేడి ఒక పైపులో, వెలుగు ఇంకో పైపులో వస్తున్నట్టు మనం అనుకుంటాం, అక్కడే లెక్క తప్పుతుంది. వచ్చేది ఒకటే సరుకు. దాన్నే పుస్తకాల్లో వికిరణ శక్తి అంటారు. కంటికి తగిలితే వెలుగంటాం, ఒంటికి తగిలితే వేడంటాం, ప్యానెల్ పట్టుకుంటే కరెంటంటాం.

ఇది చదివి వదిలేస్తే రేపటికి మర్చిపోతారు కాబట్టి చేతులతో చేసి చూడండి, పెద్ద ఖర్చేం లేదు.

మొదట ఇస్త్రీ పెట్టె. బాగా వేడెక్కనిచ్చి ప్లగ్ తీసేసి, మడమ మీద నిలబెట్టి, వేడి పలకకి ఎదురుగా జానెడు దూరంలో అరచేయి పెట్టండి (ముట్టుకోవద్దు, పిల్లలుంటే పక్కన మీరుండండి). చేతికి సెగ తగులుతుంది. ఇప్పుడు మధ్యలోకి ఒక న్యూస్ పేపర్ దూర్చండి. సెగ టక్కున ఆగిపోతుంది, పేపర్ తీస్తే టక్కున వస్తుంది. గాలి వేడెక్కి మీ దాకా వచ్చేదైతే ఇంత చప్పున ఆగదు, పైగా వేడి గాలి పైకి పోతుంది గానీ పక్కకి రాదు. అంటే ఈ సెగకి నీడ ఉంది. భోగి మంట దగ్గర కూడా అంతే, మొహం కాలిపోతుంటుంది, వీపు వణుకుతుంటుంది, మీకూ మంటకీ మధ్యలోకి ఎవరైనా లావుపాటి మామయ్య వచ్చి నిలబడితే మీ వాటా వేడి మొత్తం ఆయనకే పోతుంది. స్కూల్లో వహనం, సంవహనం, వికిరణం అని మూడు దారులు బట్టీ పట్టించారు గుర్తుందా, నీడ పడే దారి ఆ మూడోది.

ఇంకో అడుగు. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ని ఒక అట్టకి నున్నగా అంటించి, ఇస్త్రీ పెట్టెకి ఏటవాలుగా అద్దంలా పట్టుకుని, చేతిని పక్కకి జరిపి చూడండి. సెగ ఫాయిల్ మీద పడి తిరిగి మీ చేతికి కొడుతుంది. నీడ పడుతుంది, అద్దంలో తిరుగుతుంది, ఖాళీ జాగాలోంచి కూడా వస్తుంది (లేకపోతే 15 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుడి వేడి మనదాకా వచ్చేదే కాదు, దానికి 8 నిమిషాల చిల్లర పడుతుంది). ఈ గుణాలన్నీ వెలుగువే. ఇప్పుడు గదిలో లైట్లార్పేసి ఇస్త్రీ పెట్టె వైపు చూడండి, కటిక చీకటి. చెయ్యి "ఏదో వస్తోంది" అంటోంది, కన్ను "ఏమీ లేదే" అంటోంది. రెండూ నిజమే చెబుతున్నాయి.

తేడా అలల సైజులో ఉంది. వికిరణ శక్తి అంటే కరెంటూ అయస్కాంతమూ కలిసిన అలలు, ఆ అల పొడుగుని తరంగదైర్ఘ్యం అంటారు. మన కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల (నానోమీటర్ అంటే మీటర్‌లో వంద కోట్లో వంతు) దాకా ఉన్న అలల్నే పట్టుకుంటుంది, 400 దగ్గర ఊదా, 700 దగ్గర ఎరుపు. అంతకంటే పొడుగైతే ఇన్‌ఫ్రారెడ్, ఇంకా పొడుగైతే మైక్రోవేవ్, రేడియో. 400 కంటే పొట్టివైతే అల్ట్రావయొలెట్, ఎక్స్‌రే, గామా. అన్నీ ఒకే కుటుంబం, అన్నీ ఒకే స్పీడు, సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు. వెలుగు అనేది ఈ పెద్ద వీధిలో మన కన్ను తలుపు తీసిన ఒక చిన్న గుమ్మం, అంతే.

ఏ వస్తువు ఏ సైజు అలలు ఎక్కువగా వదులుతుందో చెప్పడానికి ఒక చిట్కా లెక్క ఉంది, క్యాలిక్యులేటర్ తీయండి. వస్తువు టెంపరేచర్ సెల్సియస్‌లో తీసుకుని 273 కలపండి, 2898ని దాంతో భాగించండి, వచ్చేది మైక్రాన్లలో అల పొడుగు (మైక్రాన్ అంటే 1000 నానోమీటర్లు). ఇస్త్రీ పెట్టె 200 డిగ్రీలు అనుకుంటే 2898 బై 473, సుమారు 6 మైక్రాన్లు, కన్ను పట్టే ఎరుపు కంటే ఎనిమిదింతలకి పైనే పొడుగు, అందుకే కనపడలేదు. మన ఒళ్ళు 9 మైక్రాన్ల పైచిలుకు, అంటే మీరూ నేనూ కూడా రాత్రీ పగలూ వెలుగుతూనే ఉన్నాం, చూసే కళ్ళు లేవంతే. సూర్యుడి పైభాగం సుమారు 5,500 డిగ్రీలు, లెక్క వేస్తే 0.5 మైక్రాన్లు, సరిగ్గా మన కంటి గుమ్మం మధ్యలో. ఇది కాకతాళీయం కాదేమో, ఈ సూర్యుడి కింద పుట్టి పెరిగిన కళ్ళు మరి. కొలిమి దగ్గర కమ్మరి పని ఎప్పుడైనా చూసుంటే ఈ లెక్క కళ్ళముందే జరుగుతుంది, ఇనుము ముందు నల్లగానే ఉండి సెగ కొడుతుంది, 500 డిగ్రీలు దాటాక మసక ఎరుపు మొదలవుతుంది, తర్వాత నారింజ, తర్వాత పసుపు, ఇంకా ఊదితే తెలుపు వైపు పోతుంది. సెగ ఎక్కడ ఆగి వెలుగు ఎక్కడ మొదలైందో గీత గీయమంటే గీయలేం, ఎందుకంటే గీత ఇనుములో లేదు, మన కంట్లో ఉంది.

కనపడని భాగాన్ని మొదట పట్టింది విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త, 1800లో. పట్టకంతో ఎండని రంగులుగా విడగొట్టి ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూస్తుంటే, ఎరుపు అయిపోయాక ఏ రంగూ లేని చోట పెట్టిన థర్మామీటర్ ఇంకా ఎక్కువ చూపించింది. ఆ మరుసటి సంవత్సరమే రిట్టర్ అనే ఆయన అటువైపు చివర, ఊదా అవతల, సిల్వర్ క్లోరైడ్ నల్లబడటం చూసి అల్ట్రావయొలెట్ పట్టాడు. మన జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తాలో మిల్లీమీటర్ల సైజు అలలతో దూరంగా ఉన్న గంట మోగించి, గన్‌పౌడర్ పేల్చి చూపించారు.

హెర్షెల్ ప్రయోగం ఇంట్లో చేయడం కష్టం, పట్టకం దొరకాలి, ఓపిక కావాలి. దానికి బదులు టీవీ రిమోట్ తీసుకోండి. రిమోట్ ముందున్న బుడ్డి లైట్‌ని ఫోన్ కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కితే స్క్రీన్ మీద తెల్లగానో లేత ఊదాగానో మెరుస్తుంది, నేరుగా చూస్తే ఏమీ ఉండదు. ఎక్కువ రిమోట్లు 940 నానోమీటర్ల దగ్గర పనిచేస్తాయి, కంటికి అది అందదు, కెమెరా సెన్సార్ సిలికాన్ కాబట్టి దానికి అందుతుంది. ఇక్కడ నేను చేసిన తింగరి పని చెప్పాలి. ఇంట్లో రిమోట్ పనిచేయట్లేదని వెనక కెమెరాతో చూశా, ఏమీ మెరవలేదు, రిమోట్ పోయిందని తేల్చేసి కొత్తది కొనుక్కొచ్చా, అదీ మెరవలేదు. షాపువాడితో గొడవ పెట్టుకుని వచ్చాక తెలిసింది, చాలా ఫోన్లలో వెనక కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది, సెల్ఫీ కెమెరాతో చూడాలి. పాత రిమోట్‌లో అయిపోయింది బ్యాటరీలే.

ఈ రిమోట్‌తోనే ఇంకోటి తేల్చుకోవచ్చు, వాట్‌కీ ల్యూమెన్‌కీ తేడా. బల్బు డబ్బా మీద రెండూ ఉంటాయి, ఎవరూ రెండోది చూడరు. వాట్ అంటే సెకనుకి ఎంత శక్తి అని, ల్యూమెన్ అంటే అందులో మన కంటికి ఎంత పనికొచ్చింది అని, అదీ కన్ను ఏ రంగుకి ఎంత స్పందిస్తుందో దాని ప్రకారం మార్కులేసి. కంటికి అన్నిటికంటే ఇష్టమైంది 555 నానోమీటర్ల పచ్చటి వెలుగు, ఆ రంగులో ఒక వాట్ వికిరణానికి 683 ల్యూమెన్లు. ఎరుపుకీ నీలానికీ మార్కులు బాగా తగ్గుతాయి. రిమోట్ బుడ్డి నుంచి వచ్చే శక్తికి వాట్ల లెక్క ఉంది (చాలా చిన్నదే), ల్యూమెన్లు మాత్రం సున్నా. పాత 60 వాట్ల పసుపు బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది, ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ దాదాపు 900 ఇస్తోంది. మరి ఆ పాత బల్బు 60 వాట్లు ఏం చేసింది? దాని తీగ టెంపరేచర్‌ని పై లెక్కలో పెట్టండి, సుమారు 2,400 డిగ్రీలు, అంటే 1.1 మైక్రాన్లు. ఎక్కువ భాగం ఇన్‌ఫ్రారెడ్‌గానే పోయింది, కంటికి దక్కింది తోక ముక్క. అలాగని దండగ అనకండి, కోళ్ళ ఫారాల్లో పిల్లల్ని వెచ్చగా ఉంచడానికి ఆ బల్బులే వేలాడదీసేవాళ్ళు, అక్కడ సెగే అసలు సరుకు, వెలుగు ఫ్రీ. అక్కడ 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే కోడిపిల్లలు వెలుగులో చక్కగా వణుకుతాయి.

చాలామంది ఇక్కడ "అంటే ఇన్‌ఫ్రారెడ్ అంటేనే వేడన్నమాట" అని ఫిక్సయిపోతారు. కాదు. పచ్చటి వెలుగైనా, నీలమైనా, దేన్నైనా ఒక వస్తువు మింగేస్తే అది వేడెక్కుతుంది. ఎండలో నిలబెట్టిన నల్ల కారుని వేడెక్కించే దాంట్లో కనపడే వెలుగు వాటా కూడా గట్టిదే, నేలమీద పడే ఎండలో సుమారు సగం ఇన్‌ఫ్రారెడ్, మిగతాది చాలావరకు కనపడే వెలుగు, కొంచెం అల్ట్రావయొలెట్. వేడి అనేది వస్తువులోపల అణువుల కదలిక, దారిలో ఉన్నప్పుడు అది వేడి కాదు, వికిరణం.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకి వద్దాం. వికిరణం అలలుగా వస్తుందని చెప్పా గానీ ఇచ్చేటప్పుడు మాత్రం పొట్లాల్లెక్క ఇస్తుంది, ఒక్కో పొట్లాన్ని ఫోటాన్ అంటారు, ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన సంగతి, 1921 నోబెల్ ఆయనకి దీనికే ఇచ్చారు. పొట్లం బరువు, అంటే అందులో ఉన్న శక్తి, లెక్క కూడా ఈజీ, 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న శక్తికి వాడే కొలత) వస్తాయి. ఎరుపు 700 అయితే సుమారు 1.8, ఊదా 400 అయితే 3.1, రిమోట్ 940 అయితే 1.3. సిలికాన్ ప్యానెల్‌ని ఆర్టీసీ కండక్టర్ అనుకోండి. టికెట్ 1.1. అంతకంటే తక్కువున్న ఫోటాన్ వస్తే బస్సెక్కనివ్వడు, ఇద్దరు కలిసి 1.1 చేస్తాం అన్నా ఒప్పుకోడు. 3.1 పట్టుకుని ఊదా రంగు వస్తే ఎక్కించుకుంటాడు, కానీ చిల్లర ఇవ్వడు, టికెట్ వెనక రాసి కూడా ఇవ్వడు. మిగిలిన 2 వేడిగా ప్యానెల్లోనే పోతుంది. సుమారు 1,100 నానోమీటర్లు దాటిన అలలన్నీ ఆ ఎక్కనివ్వని బ్యాచ్, ఎండ శక్తిలో దాదాపు ఐదో వంతు అటే పోతుంది. ఈ రెండు నష్టాల వల్లే ఎంత గొప్ప కంపెనీ చేసినా ఒకే టికెట్ ధర ఉన్న సెల్‌కి (ప్యానెల్ లోపలి సిలికాన్ బిళ్ళ) పడిన ఎండలో మూడో వంతు దగ్గర గీత ఉంది, అంతకు మించి కరెంటు చేయలేదు, ఎవరైనా వచ్చి 50 శాతం ప్యానెల్ అంటే నమస్కారం పెట్టి పంపించేయండి.

చేతిలో లెక్క వేసుకుందాం. మామూలు 540 వాట్ల ప్యానెల్ సుమారు 2.6 చదరపు మీటర్లు. మిట్టమధ్యాహ్నం మంచి ఎండలో చదరపు మీటర్‌కి సుమారు 1000 వాట్లు పడుతుంది (వాతావరణం బయట సుమారు 1361, దారిలో గాలి, దుమ్ము కొంత తినేస్తాయి). అంటే ప్యానెల్ మీద పడేది 2,600, చేతికొచ్చేది 540, సుమారు 21 శాతం. మిగతా దాంట్లో కొంచెం తిరిగి బయటికి కొట్టేస్తుంది, ఎక్కువ భాగం ప్యానెల్‌ని కాలుస్తుంది. ఆ 540 కూడా సెల్ 25 డిగ్రీలుంటేనే, ల్యాబ్‌లో పెట్టిన లెక్క అది. మే నెల మధ్యాహ్నం గ్లాసు కింద సెల్ 65 ఈజీగా ఉంటుంది, సెల్ వేడెక్కేకొద్దీ వోల్టేజ్ పడిపోతుంది, డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం. 40 డిగ్రీల తేడాకి 0.35 చొప్పున 14 శాతం ఎగిరింది, 540 కాస్తా 465 అయింది. అంటే ప్యానెల్ తినలేక మిగిల్చిన ఎండే దాన్ని వేడెక్కించి, తినగలిగిన దాన్ని కూడా సరిగ్గా తిననివ్వట్లేదు. మార్చికీ మేకీ తేడా మొత్తం దీనివల్లే అననులెండి, దుమ్ము ఉంటుంది, సాయంత్రం మబ్బులు పడతాయి. అదే డాబా మీద పక్కనే ఉన్న సోలార్ గీజర్‌కి ఈ బాధ లేదు, దానికి టికెట్ లేదు, ఏ ఫోటాన్ వచ్చినా మింగేస్తుంది. దాని గాజు గొట్టాల రెండు పొరల మధ్య గాలి కూడా లేకుండా ఖాళీ ఉంచేది వహనం, సంవహనం ఆపడానికి, లోపలి నల్ల పూత ఎండని తినేసి తన సెగని మాత్రం బయటికి సరిగ్గా వదలదు. మహా పిసినారి పూత.

ఈ "వదలడం" సంగతి చాలామందికి తెలియదు, దీనికి ఏసీ మెకానిక్‌లు వాడే టెంపరేచర్ గన్ ఒకటి అడిగి తెచ్చుకోండి (కోవిడ్ టైమ్‌లో నుదుటికి పెట్టింది కాదు, అది ఒంటి టెంపరేచర్ వరకే). గన్ దేన్నీ కాల్చదు, ఎదురుగా ఉన్న వస్తువు వదిలే ఇన్‌ఫ్రారెడ్‌ని కొలుస్తుంది, ఎర్ర లేజర్ చుక్క గురి కోసమే. మెరిసే స్టీల్ గిన్నెలో నీళ్ళు మరగబెట్టి స్టవ్ ఆపి, గిన్నె పక్క భాగానికి గన్ పెట్టండి. చెయ్యి పెడితే బొబ్బెక్కే గిన్నెని గన్ నలభయ్యో యాభయ్యో అంటుంది. ఇప్పుడు దానిమీద నల్ల ఇన్సులేషన్ టేప్ ఒక ముక్క అంటించి ఆ ముక్క మీద పెట్టండి, తొంభై దగ్గరికి వెళ్తుంది. గిన్నె ఒకటే, వేడి ఒకటే. మెరిసే లోహం వికిరణం తక్కువ వదులుతుంది, గన్ చూసింది ఎక్కువగా గిన్నెలో ప్రతిబింబించిన మీ వంటింటినే.

డాబాకి సున్నం కొడితే చల్లగా ఎందుకుంటుంది, మెరిసే రేకుల షెడ్డు ఎందుకు కొలిమిలా ఉంటుంది అనేది ఇందులోనే ఉంది. రెండూ ఎండని కొంతో గొప్పో తిప్పికొడతాయి, సున్నం ఎక్కువ కొడుతుంది. కానీ లోపలికి చేరిన వేడిని సున్నం ఇన్‌ఫ్రారెడ్‌గా హాయిగా ఆకాశంలోకి వదిలేస్తుంది, వట్టి రేకు వదలలేదు. మాసినా సరే సున్నానికి "వదిలే" గుణం పోదు, "తిప్పికొట్టే" గుణం పోతుంది, అందుకే ఏటా కొట్టాలి. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఈ లెక్కమీదే. రాత్రి తొమ్మిదింటికి ఫ్యాన్ కింద పడుకున్నా పైనుంచి సెగ కొడుతున్నట్టుంటుందే, అది గాలి కాదు, పగలంతా తిన్న శ్లాబు మీ మీదికి వికిరణం వదులుతోంది. గన్ సీలింగ్‌కి పెట్టి చూడండి, నమ్మకం కుదురుతుంది.

ఆ గన్‌నే చలికాలం మబ్బు లేని రాత్రి ఆకాశం వైపు పెట్టండి. చుట్టూ గాలి 20 డిగ్రీలుంటే ఆకాశం దానికంటే చాలా చాలా తక్కువ చూపిస్తుంది, మబ్బు ముక్క వస్తే నంబర్ పైకి లేస్తుంది. నేల మీద వస్తువులన్నీ ఆ చల్లటి ఆకాశానికి సెగ సమర్పించుకుంటూ ఉంటాయి, తిరిగి వచ్చేది తక్కువ. తెల్లారి చూస్తే బయట పెట్టిన బండి సీటు మంచుతో తడిసి ఉంటుంది, వేపచెట్టు కింద పెట్టింది పొడిగా ఉంటుంది, చెట్టు దానికి దుప్పటి. లంబసింగిలో మబ్బు లేని రాత్రుళ్ళే ఎక్కువ కొరికేది కూడా ఇందుకే.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్తున్నా, ఈ ప్రయోగాల పేరుతో సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, గ్రహణం రోజు పాత ఎక్స్‌రే ఫిల్మ్ అడ్డం పెట్టుకుని అస్సలు వద్దు. ఫిల్మ్ కనపడే వెలుగుని తగ్గించి ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేయొచ్చు, కంటి లోపలి పొరకి నొప్పి తెలియదు, కాలుతున్నా మీకు తెలిసేది తర్వాతే.

పెద్దాయన ఇంటికి వెళ్ళి గన్ ప్యానెల్‌కి పెట్టి చూపించా, 63. ఆయన ఒక నిమిషం ఆలోచించి "అయితే బకెట్ నీళ్ళు కుమ్మరిద్దామా" అన్నారు. వద్దండీ, కాలిన గ్లాసు మీద మధ్యాహ్నం చన్నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉంది, పొద్దున్నే ఆరు గంటలకి కడగండి, దుమ్మూ పోతుంది అని చెప్పా. కింద గాలి ఆడాలి కాబట్టి ప్యానెళ్ళ కింద ఆయన దాచిన పాత డోర్లు, కొబ్బరి మట్టలు తీయించా. దానికి మాత్రం ఆయన ఇంకా కోపంగానే ఉన్నారు.